ఫుల్ ట్యాంక్ అన్న పొదుపు చేసిన రోజు

సాయంత్రం నాలుగుంపావుకి మా వంటింట్లో స్టవ్ మంట నీలం నుంచి పసుపుకి తిరిగింది. సిలిండరు అయిపోవడం ఏ ఇంట్లోనైనా జరిగేదే. ఆ రోజుల్లో, అంటే నేనూ మా అన్నా కొత్తగా ఉద్యోగాల్లో చేరి కొత్తగూడలో ఒక ఇంటి పైవాటా కిరాయికి తీసుకుని ఉన్న రోజుల్లో, గ్యాస్ అయిపోతే బండెక్కి వెళ్ళి బయట తిని వచ్చేవాళ్ళం. దాని గురించి రెండోసారి ఆలోచించేవాళ్ళం కాదు. కాని ఆ ఆదివారం పొయ్యి మీద పన్నెండు మందికి సరిపడే బిర్యానీ సగంలో ఉంది. తినడానికి రావలసింది ఇంటి ఓనరూ, ఆయన తల్లీ. వాళ్ళు తృప్తిగా తిని కిందికి దిగితే ఇల్లు మాకు ఉంటుంది. లేకపోతే నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి.

మా అన్నని స్నేహితులు ఫుల్ ట్యాంక్ అని పిలిచేవాళ్ళు. మేం కర్నూలు వైపు వాళ్ళం. అన్న ఆఫీసు ఖాజాగూడ దగ్గర. ఇంటి నుంచి పెద్ద దూరమేం కాదు. అయినా పెట్రోలు బంకుకి వెళితే ట్యాంకు అంచు దాకా పోయించాల్సిందే. అర ట్యాంకుతో బండి నడపడం ఆయనకి అవమానం కింద ఉండేది. ఫ్యాను అయిదు మీద, కొళాయి పూర్తిగా, పొయ్యి మంట గిన్నె అంచులు దాటేలా. ఎర్ర దీపం దగ్గర అర నిమిషం ఆగడమంటే ఒంటి మీద తేలు పాకినట్టు కదిలేవాడు. ఇలాంటి మనిషికి కారు రేసులంటే ప్రాణం కావడంలో వింత లేదు. రేసు ఉన్న ఆదివారం ఆయన స్నేహితులు అరడజను మంది మా హాల్లో చాప మీద చేరేవాళ్ళు. వాళ్ళలో ముఖ్యుడు భీమవరం నుంచి వచ్చిన ఒక సన్నటి మనిషి. ప్రతి మాటకీ అండి తగిలించడం వల్ల అతనికి అండీగారు అని పేరు పడిపోయింది. (అసలు పేరు నాకు తెలిసేసరికి అతని పెళ్ళి శుభలేఖ వచ్చింది.)

ఆ ఏడాది రేసుల నియమాలు మార్చారు. ఒక్కో కారుకి రేసు మొత్తానికి వంద కిలోల పెట్రోలే. మధ్యలో ఆగి పోసుకోవడం అంతకుముందే తీసేశారు. ఇంజను చిన్నదయింది, దానికి కరెంటు మోటారు తోడయింది, చప్పుడు బాగా తగ్గింది. డ్రైవర్లు మలుపు రాకముందే యాక్సిలరేటరు మీంచి కాలు తీసేసి, ఉన్న ఊపు మీద బండిని దొర్లనిచ్చి, పెట్రోలు మిగుల్చుకునేవారు. డ్రైవరు చెవిలోని రేడియోలో ఇంజనీరు 'ఇంధనం జాగ్రత్త' అన్నప్పుడల్లా మా హాల్లో వాళ్ళు ఇంట్లో ఎవరికో అన్యాయం జరిగినట్టు లేచి అరిచేవాళ్ళు. దిండ్లు ఎగిరేవి. కార్ల చప్పుడు తగ్గిందన్న కోపంతో అన్న టీవీ చప్పుడు చివరి దాకా పెంచేవాడు. చప్పుడు తగ్గించిన నియమం వల్ల కొత్తగూడలో ఒక ఇల్లు దద్దరిల్లిపోతోందన్న సంగతి ఆ నియమం రాసినవాళ్ళకి తెలిసి ఉండదు.

"పెట్రోలు మిగిలించుకునేటోడు ఇంట్లో కూర్చోవచ్చు గదా! రేసుకి యాల వచ్చినట్లు?" అనేవాడు అన్న.

నేను మూలన కుర్చీలో పుస్తకం చదువుకుంటూ ఉండేదాన్ని. నా ఉద్యోగం ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం. అందువల్ల ఏ నియమావళి కనిపించినా చివరి పేజీ దాకా చదివే రోగం అంటుకుంది. ఆ హాల్లో రేసుల నియమాలు మొత్తం చదివినదాన్ని నేనొక్కదాన్నే. (రేసు మాత్రం ఒక్కటి కూడా పూర్తిగా చూడలేదు. ఈ విషయం అప్పట్లో దాచాను.) "ఉన్నదాంతో ముందుగా చేరడం కూడా పోటీయే" అన్నాను ఒకసారి, తల ఎత్తకుండా.

"ఏం పాపా, నువ్వు వాళ్ళ పార్టీనా?"

"ఎవరి పార్టీ కాదు. తొక్కడం ఎవరైనా తొక్కుతారు. ఎప్పుడు తొక్కకూడదో తెలియడం కష్టం."

"అండీగారూ, ఇన్నావా? మా ఇంట్లోనే శత్రువు ఉండాది."

"చెల్లెమ్మగారు పుస్తకాల మనిషండి, వదిలెయ్యండి" అన్నాడు అండీగారు. ఆ వదిలెయ్యండి అన్నది నాకు చాలాకాలం గుర్తుంది.

రెండు మూడు రేసులు అయ్యాక ఓనరు అంకుల్ పైకి వచ్చాడు. ఆయనది పాత కొత్తగూడ కుటుంబం. మాటలో గట్టిదనం ఎప్పుడూ ఉండదు, అందుకే భయం. "జర సమజ్ చేస్కో బాబూ. నాకైతే కోపం లేదు. పైన కార్లు ఉరుకుతుంటే కింద మా అమ్మ పరేషాన్ అయితుంది. నెలాఖరుకి వేరే ఇల్లు సూస్కోండ్రి" అన్నాడు. పెళ్ళికాని అన్నా చెల్లెలికి ఇల్లివ్వడానికి ఆ చుట్టుపక్కల ఎందరు ఎన్ని ప్రశ్నలు వేశారో మాకు తెలుసు. ఏ ప్రశ్నా వెయ్యకుండా తాళంచెవి చేతిలో పెట్టింది ఈయన ఒక్కడే. అన్న, "ఖాళీ చేస్తాం అంకుల్. దానికి ముందు ఒక్కసారి నాయనమ్మని తీసుకొని మా ఇంటికి భోజనానికి రండి. మేం ఎంత పద్ధతిగా ఉంటామో చూడండి" అన్నాడు. ఆయన మొహమాటానికి ఒప్పుకున్నాడు. వచ్చే ఆదివారం వస్తామన్నాడు. ఆ ఆదివారం రేసు ఉందన్న సంగతి అన్నకి ఆయన మెట్లు దిగాక గుర్తొచ్చింది.

అలా వచ్చింది ఆ నాలుగుంపావు. కోడి మాంసం ముప్పావు వంతు ఉడికింది, అన్న పద్ధతిలో, మంట గిన్నె చుట్టూ నాలుకలు చాపుతూ. బియ్యం మాత్రం నానబెట్టిన గిన్నెలోనే ఉన్నాయి. బుక్ చేసిన సిలిండరు ఇంకా రాలేదు. చౌరస్తాలో చిన్న సిలిండర్లు నింపే దుకాణం ఆ వారమే మూతపడింది. హోటల్నించి తెప్పిద్దామంటే, మా చేత్తో వండి పెడతామని మాటిచ్చాం. నిండు సిలిండరు ఆ ఇంట్లో ఒక్కచోటే ఉంది, ఓనరు అంకుల్ వంటింట్లో. "భోజనానికి పిలిచి, వండడానికి గ్యాస్ మీరే ఇవ్వండి అనాలా?" అన్నాడు అన్న. నేను సిలిండరుకి తడిబట్ట చుట్టి తీసి చూశాను. కింద గ్యాస్ ఉన్న మేర తడి ఆరకుండా నిలవాలి. అడుగున వేలెడంత మేర తప్ప అంతా ఆరిపోయింది.

"పొయ్యి ఆపు" అన్నాను.

"ఇప్పుడా? ఉన్నప్పుడే గట్టిగా పెట్టి..."

"ఆపన్నా. కాసేపు ఆపితే సిలిండరు తేరుకుని ఇంకాస్త మంట ఇస్తుంది. ఊరికే నీళ్ళు కాచడానికి గ్యాస్ తగలెయ్యకు. నీళ్ళు కరెంటు కెటిల్లో కాస్తాను. మరిగే నీళ్ళు, బియ్యం గిన్నెలో పోశాక వెలిగించు. పొంగగానే ఆపెయ్. బియ్యం ఆ వేడికే ఉడుకుతాయి."

అన్న ఆపాడు. జీవితంలో ఆయన మంట తగ్గించడం చూడటం నాకదే మొదటిసారి. కెటిల్ చిన్నది, అయిదారు విడతలు కాచాల్సి వచ్చింది. రేసు కోసం ముందే వచ్చి గుమ్మంలో నిలబడి చూస్తున్న అండీగారు ఉన్నట్టుండి నోరు తెరిచాడు. "ఏవండీ, ఇది హైబ్రిడ్ అండి! సగం కరెంటు, సగం ఇంధనం. మనం తిట్టే బండే అండి ఇది!" హాల్లోంచి మిగతా స్నేహితులందరూ వంటింట్లోకి వచ్చేశారు. అన్న వాళ్ళ వైపు తిరగలేదు. గరిటె పట్టుకుని నా వైపు చూస్తున్నాడు, రేడియోలో మాట కోసం చూసే డ్రైవరులా.

"వెలిగించు."

వెలిగించాడు.

"ఇంకొంచెం... ఆపు!"

"ఇంకో రెండు నిమిషాలు పాపా, పలుకు ఉండాది."

"ఉండనీ. మిగిలింది దమ్‌కి కావాలి. కాలు తియ్యన్నా!"

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకు తెలియదు. వంటిల్లంతా నవ్వింది. అన్న కూడా నవ్వి, ఆపేశాడు. ప్రతి రేసులోనూ ఇలాంటి మాటకే దిండ్లు విసిరిన మనుషులు ఇప్పుడు ప్లేట్లు వాయిస్తూ "కాలు తియ్యన్నా! కాలు తియ్యన్నా!" అని అరవడం మొదలుపెట్టారు. బియ్యం వార్చి, కోడి మీద పరిచి, మూత చుట్టూ పిండి అంటించాం. సన్నటి మంట మీద గిన్నె పెట్టాడు అన్న. అంత సన్నటి మంట పెట్టడానికి వంగి, కళ్ళు పొయ్యికి ఆనించినంత దగ్గరగా చూస్తూ, మీట వెంట్రుకవాసి తిప్పాడు. పిండి అంచున ఒకచోట ఆవిరి సన్నగా తోసుకొచ్చింది. సరిగ్గా అప్పుడే మంట తనంతట తానే ఆరిపోయింది. అన్న లోపలికి వెళ్ళి తన రజాయి తెచ్చి గిన్నె చుట్టూ రెండు చుట్లు చుట్టాడు.

"ఇగ మూత ఎవరు తీసినా ఊరుకోను" అన్నాడు. (కొత్తగూడకి వచ్చిన ఏడాదికే ఇగ అన్న మాట ఆయన నోట్లో చేరింది.)

అయిదున్నరకి రేసు మొదలైంది. హాల్లో టీవీ చప్పుడు లేకుండా, బొమ్మ మాత్రమే. అన్న వంటింట్లో నేల మీద గిన్నె పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. రేసు చూడ్డానికి రమ్మంటే రాలేదు. "ఎవడో ఒకడు తీసి చూస్తాడు. వేడి పోతాది" అన్నాడు. నిజం చెప్పాలంటే తీసి చూడాలని అందరికంటే ఎక్కువ తహతహ ఆయనకే. చెయ్యి రజాయి మీద పెట్టి, దాని వెచ్చదనం తగ్గుతోందా అని చూసుకుంటూ, ఎర్ర దీపం దగ్గర ఆగలేని ఆ మనిషి రేసంతా అలాగే కూర్చున్నాడు. నేను గుమ్మంలోంచి చూశాను. నాకు ఆయన మీద ఎంత గర్వం కలిగిందో అప్పుడు చెప్పలేదు. చెప్పి ఉంటే నెల రోజులు ఎగతాళి చేసేవాడు.

రేసు చివరికి వచ్చేసరికి ఓనరు అంకుల్, తల్లి చెయ్యి పట్టుకుని వచ్చాడు. నాయనమ్మ చిన్నగా, గట్టిగా ఉంది. సోఫాలో కూర్చుని టీవీ వైపు చూసింది.

"ఏంది బిడ్డా, బొమ్మ ఆడుతుంది గని ఏం ఇనస్తలేదు. జర సప్పుడు పెంచు."

అందరూ ఓనరు అంకుల్ వైపు చూశారు. ఓనరు అంకుల్ గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, సప్పుడైతే నీకు తలకాయ నొస్తదని..."

"నాకెప్పుడు నొచ్చిందిరా? నీకు నొస్తది. నా మీద వెట్టి చెప్తవా?"

అండీగారు ఆయన మొహం వైపు చూడకుండా చప్పుడు పెంచాడు. రెండో స్థానంలో ఉన్న డ్రైవరుకి అప్పుడే రేడియోలో పొదుపు చెయ్యమని చెప్పారు. కారు వెనకబడింది. "గీనెకేమైంది? మంచిగ వోతుండె గద?" అంది నాయనమ్మ.

"పెట్రోలు చాలదని కాలు తీసేస్తున్నాడండి నాయనమ్మగారూ."

"ముందటోడు అందేటట్టు ఉంటే కాలు తీస్తడా? తొక్కుమను! గిట్లయితే ఎందుకు బయలెల్లిండు?"

హాలు దద్దరిల్లింది. వంటింట్లోంచి అన్న కేక వినిపించింది. "నాయనమ్మా, నువ్వు మా పార్టీ!"

రేసు అయిపోయాక అన్న రజాయి విప్పాడు. పిండి పగలగొట్టి మూత తీశాడు. ఆవిరి లేచింది. మెతుకు మెతుకు విడివిడిగా, నిటారుగా ఉన్నాయి. ఎక్కడా మాడు లేదు. అన్న వంటలో అడుగు మాడకుండా వచ్చిన మొదటి బిర్యానీ అదే. నాయనమ్మ రెండుసార్లు పెట్టించుకుంది. చెయ్యి కడుక్కుంటూ కొడుకు వైపు చూసింది. "గీ పోరడు మంచిగ వండిండు. వీళ్ళనా ఎల్లగొడుతనంటివి? ఇంక గా ముచ్చట తియ్యకు" అంది. ఓనరు అంకుల్ నవ్వాడు. అందులో కొంత ఓటమి ఉంది కాని, ఆయనకి కూడా అది ఇష్టమైన ఓటమే అనిపించింది.

తర్వాత మూడేళ్ళు ఆ ఇంట్లోనే ఉన్నాం. రేసు ఉన్న ఆదివారం నాయనమ్మ మెట్లెక్కి వచ్చేది. పొదుపు నియమాన్ని ఆమె తిట్టినట్టు ఆ హాల్లో ఇంకెవరూ తిట్టలేదు. ఆ పొదుపు కూడా పోటీయేనని ఎన్నిసార్లు చెప్పినా అన్న మాత్రం ఒప్పుకోలేదు. "వంట వేరు, రేసు వేరు. పొయ్యి దగ్గర నువ్వు చెప్పినట్లు విన్యా. టీవీ దగ్గర వినను" అనేవాడు. పెళ్ళిళ్ళై వేరే ఇళ్ళకి వెళ్ళాక కూడా రేసు మధ్యలో ఫోను చేసి, "చూసినావా, మళ్ళా కాలు తీసినాడు మీ పార్టీవాడు" అని, నా జవాబు వినకుండా పెట్టేసేవాడు. జవాబు నేను తర్వాతి రేసుకి దాచుకునేదాన్ని.

అన్న పోయి రెండేళ్ళు కావస్తోంది. ఈ మధ్య రేసుల నియమాలు మళ్ళీ మార్చారు. తిన్నటి దారిలో కూడా కాలు తియ్యవలసి వస్తోందని అభిమానులు గోల పెడుతున్నారు. ఆ మాటలన్నీ నల్లగండ్లలో మా ఇంట్లో కూర్చుని చదువుతాను. వాటిలో సగం అన్న రాసినట్టే ఉంటాయి. రేసు ఇప్పుడు మొదటి నుంచి చివరి దాకా చూస్తున్నాను. కొత్త నియమాలు కూడా మొత్తం చదివాను. అవి మంచివేనని నా అభిప్రాయం. ఆ సంగతి ఇప్పుడు ఎవరితోనూ వాదించడం లేదు.