కస్తూరి చెరపనన్న రాతలు

కస్తూరిది అనకాపల్లి. పరీక్ష రాసి, కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో టైపిస్టుగా ఢిల్లీ వచ్చింది. 1993లో ఉద్యోగినుల హాస్టల్లో ఆమెకీ నాకూ ఒకే గది ఇచ్చారు. నేను అక్కడి తెలుగువాళ్ళ బళ్ళో తెలుగు టీచర్ని. పిల్లలకు వ్యాకరణం చెప్పేదాన్ని కాబట్టి నాకు కొంచెం గీర ఉండేది. ఆమె మంచం మీద ప్రేమ నవలలు, మంత్రాల నవలలు తప్ప ఇంకేమీ కనిపించకపోయేసరికి మొదటి వారంలోనే అనేశాను.

"ఈ చెత్తంతా ఎందుకు చదువుతావు కస్తూరీ?"

ఆమెకు కోపం రాలేదు. "ఏది చెత్త? ఏ పేజీలో?" అని అడిగింది.

నేనవి చదవలేదన్నాను.

"మరి చదివి చెప్పు పూర్ణా. అప్పుడు మాటాడుకుందాం" అని మళ్ళీ పుస్తకంలోకి వెళ్ళిపోయింది.

ఆఫీసులో ఆమె పని ఇతరులు రాసిచ్చినది ఉన్నదున్నట్టు టైపు చెయ్యడం. తప్పు కనిపించి దిద్దితే సెక్షన్ ఆఫీసరు "జో లిఖా హై, వహీ టైప్ కరో", రాసిందే టైపు చెయ్యి అనేవాడు. పొద్దున బస్సులో ఒక చేత్తో పైకడ్డీ పట్టుకుని, రెండో చేత్తో నవల పట్టుకుని చదివేది. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడూ అంతే. దిగాల్సిన స్టాపు దాటిపోయి నడుచుకుంటూ వచ్చిన రోజులున్నాయి.

ఇష్టంగా చదివేది కదా అని అన్నీ మెచ్చుకునేదనుకోకండి. ఆ నవలలను ఆమె తిట్టినంతగా మా తెలుగు పండితులు కూడా తిట్టి ఉండరు. తేడా ఏమిటంటే ఆమె చదివి తిట్టేది. హీరో హీరోయిన్ చెంప పగలగొట్టిన చోట పుస్తకాన్ని మంచం మీద బోర్లించి, గదిలో నాలుగు అడుగులు వేసొచ్చేది. "ఈ పిల్ల ఇప్పుడే చెప్పులేసుకుని వెళ్ళిపోవాలి. వెళ్ళదు చూడు. ఏడుస్తూ వాడికే కాఫీ కలుపుతుంది" అనేది. నవల్లో ఆ పిల్ల కలిపేది కూడా. మాయల నవలల మీద ఆమె ఫిర్యాదు వేరు. "ఆడపిల్లకి శక్తులు ఇస్తారు, గాల్లో ఎగరనిస్తారు. ఆఖరి అధ్యాయంలో పెళ్ళి చేసి అవన్నీ లాక్కుంటారు. రాజకుమారుడి దగ్గరున్న కత్తి మాత్రం ఎవరూ తీసుకోరు."

ఈ మాటలన్నీ ఆమె పుస్తకం చివర ఖాళీగా ఉండే కాగితం మీద పెన్సిల్‌తో రాసేది. ఆ పుస్తకాలు ఆమె సొంతం కావు. ఆర్.కె. పురంలో తెలుగువాళ్ళ పఠనమందిరం ఒకటుండేది. సర్కారు క్వార్టర్ల మధ్య సమాజ సదనంలో ఒక గది, నాలుగు బీరువాలు, ఆదివారం మాత్రమే తెరిచేవారు. సెలవుల్లో ఊళ్ళకు వెళ్ళినవాళ్ళు జీటీ ఎక్స్‌ప్రెస్‌లో తిరిగొస్తూ బెజవాడ స్టేషన్లో కొన్న నవలలు అక్కడికి చేరేవి.

ఒకసారి ఆ చెంపదెబ్బ నవల చివర ఆమె రాత కింద ఇంకెవరో జవాబు రాశారు. గుండ్రటి అక్షరాలు, నీలి సిరా. "అతను తర్వాత పశ్చాత్తాపపడ్డాడు కదమ్మా. మనిషికి ఒక అవకాశం ఇవ్వొద్దా?"

కస్తూరి ఆ పుస్తకం మళ్ళీ తీసుకుని కింద రాసింది. "పశ్చాత్తాపం నూట తొంభయ్యో పేజీలో వచ్చింది. దెబ్బ నలభయ్యో పేజీలో పడింది. మధ్యలో నూట యాభై పేజీలు ఆమె ఎలా బతికిందో మీరు చూశారా?"

మూడు వారాలకు మళ్ళీ నీలి సిరా. "చూశాను. అందుకే ఆ అవకాశం కావాలనిపించింది."

ఆ వాక్యం కస్తూరి నాకు చూపించింది. తర్వాత ప్రతి నవల చివరా వాళ్ళిద్దరి వాదన నడిచింది. నవల తెచ్చుకున్నవాళ్ళు ముందు ఆఖరి పేజీలో ఆ వాదన చదువుకుని, బాగుందనిపిస్తేనే కథ మొదలుపెట్టేవారని తర్వాత తెలిసింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేనూ అలాగే చదవడం మొదలుపెట్టాను.

1995 చలికాలంలో సంగతి బయటపడింది. పఠనమందిరం కార్యదర్శి సదాశివరావుగారు పెద్ద అధికారి. మంచి చదువరి, నిజాయితీపరుడు, కాని నవల అన్న మాట వింటే ముఖం చిట్లించేవారు. ఆ రాతలు ఆయన కంటపడ్డాయి. పుస్తకాలు పాడుచేసినవారు ముందుకు రావాలని తలుపుకి కాగితం అంటించారు. కస్తూరి ఆ ఆదివారమే వెళ్ళి, "నేనేనండి" అని చెప్పింది. ఆయన ఒక రబ్బరు ఇచ్చి, అన్నీ చెరిపెయ్యమన్నారు. ఆమె ఆ రబ్బరు బల్ల మీద పెట్టేసి వచ్చేసింది.

తర్వాతి ఆదివారం సర్వసభ్య సమావేశం. ఎండలో కుర్చీలు వేశారు. ముందు వరసలో మగవాళ్ళు, వెనక శాలువాలు కప్పుకున్న ఆడవాళ్ళు, పల్లీలు ఒలుచుకుంటూ పిల్లలు. సదాశివరావుగారు లేచి, ఈ ప్రేమ నవలలూ మంత్రాల నవలలూ బీరువాల్లోంచి తీసేసి, ఆ చోటులో మంచి సాహిత్యం పెట్టాలని ప్రతిపాదించారు. ఒక నవల తెరిచి చివరి పేజీ అందరికీ చూపించారు.

"చదివేవాళ్ళ సంస్కారం ఎలా తయారవుతోందో చూడండి. పుస్తకం మీద పిచ్చిరాతలు!"

కస్తూరి లేచింది.

"అందులో కథేటండి?"

"ఏమిటి?"

"మీ చేతిలో ఉన్న నవల్లో కథ ఏటని అడుగుతున్నానండి."

"ఇలాంటివి నేను చదవను."

"నేను చదివానండి. రెండుసార్లు. అందులో ఏటి బావుందో, ఎక్కడ రచయిత మనల్ని మోసం చేశాడో పేజీ నంబరుతో రాశాను. పుస్తకం మీద రాయడం తప్పే. వేరే నోటుబుక్కు పెట్టండి, అందులోకి ఎక్కిస్తాను. కాని చెరపమంటే మాత్రం చెరపను. చదవకుండా మీరు చెప్పింది అభిప్రాయం, చదివి నేను రాసింది పిచ్చిరాత. ఇదెక్కడి న్యాయమండి?"

ముందు వరసలో ఎవరో నవ్వారు. సదాశివరావుగారి ముఖం ఎర్రబడింది.

"మీ ఒక్కరిదే కాదు, ఇందులో ఇంకో చేతిరాత ఉంది. ఆ రెండో మనిషెవరు? చెప్పండి."

"నాకు తెలీదండి. తెలిసినా చెప్పను."

వెనక వరసలో కుర్చీ జరిగిన చప్పుడైంది. లేచి నిలబడింది జానకమ్మగారు, సదాశివరావుగారి భార్య. అంతకుముందు ఏ సమావేశంలోనూ ఆవిడ గొంతు మేం వినలేదు.

"అది నా రాతండీ" అంది. "ఇరవై రెండేళ్ళ నుంచీ మీ అమ్మగారికి ప్రతి నెలా ఉత్తరం రాస్తున్నాను, కింద మీరు సంతకం పెడుతున్నారు. గుర్తుపట్టలేదా?"

ఎవరూ నవ్వలేదు. ఆయన చేతిలోని నవలకేసి చూశారు, భార్యకేసి చూశారు, కూర్చున్నారు.

ఓటింగు జరిగింది. మేం ఓడిపోయాం. ఆఫీసులో ఆయన కింద పనిచేసేవాళ్ళే చాలామంది చేతులెత్తారు. నవలలన్నీ బీరువాల్లోంచి దించి నేలమీద పేర్చారు. కస్తూరి వెళ్ళి రెండు ఆటోలు పిలుచుకొచ్చింది. హాస్టల్ గదిలో ఎక్కడ పడతాయని నేను అడుగుతుండగానే జానకమ్మగారు కొంగు బిగించి ఒక కట్ట ఎత్తుకుంది.

"హాస్టలెందుకు? మా ఇంట్లో వరండా ఖాళీగానే ఉందిగా."

అలా పఠనమందిరం వద్దన్న నవలలు కార్యదర్శిగారి క్వార్టర్లోకే చేరాయి. శనివారం మధ్యాహ్నాలు ఆ వరండా ఆడవాళ్ళతో నిండిపోయేది. ఢిల్లీలోనే పెరిగి తెలుగు చదవడం రాని ఆడపిల్లలు, "ఆంటీ, ఆగే క్యా హువా?" అని తర్వాతి కథ అడుగుతూ పక్కన చేరేవారు, కస్తూరి చదివి వినిపించేది. సదాశివరావుగారు మొదట్లో తల వంచుకుని లోపలికి వెళ్ళిపోయేవారు. ఆయన మారిపోయి నవలలు పట్టారని చెప్పలేను. భార్య రాసిన ఉత్తరాలను మాత్రం సంతకానికి ముందు పూర్తిగా చదవడం మొదలుపెట్టారట. జానకమ్మగారే చెప్పింది, పెద్ద సంతోషమేమీ లేకుండా.

ఆ చెంపదెబ్బ హీరో విషయంలో వాళ్ళిద్దరూ ఎప్పటికీ ఏకీభవించలేదు. ఎవరి మాట వాళ్ళదే.

1998లో ఒక వారపత్రికలో వస్తున్న సీరియల్ మీద కస్తూరి ఆరు పేజీల ఉత్తరం రాసింది. మంత్రగత్తెగా మొదలైన అమ్మాయిని ముగింపులో వంటింట్లోకి తోసిన రచయితను వరసగా పదకొండు ప్రశ్నలు అడిగింది. పత్రికవాళ్ళు వేసుకోలేదు. కాని సంపాదకుడు స్వయంగా కార్డు రాశాడు. ఇంత బాగా ఆలోచిస్తున్నారు, ఇలా చదువుతూ కూర్చోకుండా మీరే ఒక నవల రాయొచ్చు కదా అని.

నాకు ఆనందంగా అనిపించింది. రాయమని నేనూ వెంటపడ్డాను. కస్తూరి కార్డు రెండుసార్లు చదివి, అప్పటికప్పుడే జవాబు రాసి నాకు చూపించింది.

"అయ్యా, చదువుతూ కూర్చోవడం కూడా పనే. నేను చదివే మనిషిని. రాయడానికి ముందు మెట్టుగా చదవడం లేదు. నా పదకొండు ప్రశ్నలకు జవాబు పంపించండి."

జవాబు రాలేదు. రెండు వారాలు చూసి, అవే ప్రశ్నలను ఒక్కటీ వదలకుండా మళ్ళీ రాసి, ఈసారి రిజిస్టర్ పోస్టులో పంపింది.