ఏడు మణుగుల తేడా

ఆ రోజుల్లో మా కరీంనగర్ జిల్లాలో సైన్సు సారంటే పోలీసు పటేల్ కంటే ఒక మెట్టు పైన ఉండేవాడు. (ఉండేవాడు కాదు, నేనలా అనుకునేవాణ్ణి. పోలీసు పటేల్ ఎదురైతే ముందు లేచి నిలబడేది నేనే.) వేములవాడ దారిలో ఒక ఊరి హైస్కూల్లో చేరేనాటికి నాకు ఇరవై మూడేళ్లు, రెండు తెల్ల చొక్కాలు, జేబులో ఎప్పుడూ ఒక చాక్‌పీసు. ఒక్క రసాయన సమీకరణంతో ఒక మనిషి పని నిలబెట్టానని ఇన్నేళ్లుగా అందరికీ చెప్పుకుంటున్నాను. మీకు మాత్రం జరిగింది చెబుతాను.

నేను చదివిందంతా ఉర్దూలో, చెప్పాల్సింది తెలుగులో. పిల్లల కంటే ఒక పాఠం ముందుండేవాణ్ణి, అంతే. కానీ ఎంత పదార్థం వేస్తే ఎంత వస్తుందో పొయ్యి వెలిగించకముందే చెప్పగలగడం నాకు జ్యోతిషంలా తోచేది. వంద మణుగుల సున్నపురాయిని కాలిస్తే యాభై ఆరు మణుగుల సున్నం, మిగతా నలభై నాలుగు గాలిలో కలిసే వాయువు అని చెబుతుంటే క్లాసు సగం కునికేది. నిటారుగా కూర్చున్నది సున్నపు బట్టీ మేస్త్రి కూతురు ఒక్కతే. "మా బాపు గదే పని జేస్తడు సార్" అంది. ఆ పిల్ల లెక్క నాకంటే ముందే చేసేది. (అప్పుడప్పుడు కాదు, రోజూ.) ఆమె పదో తరగతి పాసై పంతులమ్మ కావాలని మేస్త్రి ఆశ.

ఆ ఏడాది బట్టీకి కొత్త గుత్తేదారు వచ్చాడు. భైంసాలో పత్తి వ్యాపారం వదిలి సున్నంలోకి దిగినవాడు. వంద మణుగుల రాయి తూచి ఇస్తే నలభై తొమ్మిది మణుగుల సున్నమే చేతికొచ్చిందని, మిగతాది మేస్త్రి అమ్ముకున్నాడని మొదలుపెట్టాడు. ఆ పిల్ల నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. "రాయి సగం గాలిల పోతదని మీరు జెప్పిండ్లు గద సార్. గా మాట జర వచ్చి చెప్పుండ్రి. బాపు చెప్తె ఇంటలేడు."

వెళ్లాను. వెళ్లడమా, ఊరేగాను. తూకం కొట్టం తలుపు మీద చాక్‌పీసుతో సమీకరణం రాశాను. పనివాళ్లు తట్టలు దించి చుట్టూ చేరారు. నలభై నాలుగు మణుగులు వాయువుగా పోవాల్సిందేనని, అది మేస్త్రి చేతిలో లేదని చెప్పాను. గుత్తేదారు మెత్తబడ్డాడు. "అచ్ఛా. అయితె ఎంత రావాలె సార్ సాబ్?"

"యాభై ఆరు" అని కింద రెండు గీతలు కొట్టాను. (అక్కడ నోరు మూసుకుని ఉంటే ఈ కథ సుఖంగా ముగిసేది.)

"వచ్చినయి నలభై తొమ్మిది. మరి ఏడు ఏడ వోయినయి?"

నేను తలుపు వైపు చూశాను. మేస్త్రి వైపు చూశాను. అతను తల వంచుకుని నిలబడ్డాడు. "లెక్క తప్పదు" అన్నాను. ఆ రెండు మాటలూ నావే. ఆ రోజే మేస్త్రి పని పోయింది.

మూడు రోజులు ఆ పిల్ల బడికి రాలేదు. నేనే వాళ్లింటికి వెళ్లాను. గిన్నెలు మూట కడుతున్నారు. మేస్త్రి మంచం వాల్చి కూర్చోబెట్టాడు. "పనికి ఫికర్ లేదు సారూ, మంచిర్యాల దిక్కు బట్టీలున్నయి. బిడ్డనే పరేషాన్ జేస్తుంది. ఏడు మణుగులు ఏం జేసినవు బాపు, సారు లెక్క తప్పుతదా అని అడుగుతుంది."

"మరి ఏమైంది?"

"రాయంత ఒక్క తీరుగ ఉంటదా? మన్నుంటది, లోపట ఉడకని గడ్డలుంటయి. ఏరి పారబోస్తం."

"ఆ మాట అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"గంత మంది ముంగట బిడ్డ సారును ఎట్ల తప్పు పట్టాలె?"

అప్పుడు గుర్తొచ్చింది. పుస్తకంలో 'శుద్ధమైన సున్నపురాయి' అని ఉంది. నేను చదివిన ఉర్దూలోలా 'ఖాలిస్' అని ఉంటే ఆగేవాణ్ణేమో. ఈ 'శుద్ధమైన' పూజల్లో వాడే మాటలా అనిపించి, లెక్కకు అక్కరలేదని ప్రతిసారీ వదిలేసి రాయించాను. తలుపు వెనక నిలబడ్డ పిల్లను పిలిచి, తప్పు మీ బాపుది కాదు, నాది అన్నాను. (క్లాసు మొత్తం ముందు ఒప్పుకున్నానని చాలాచోట్ల కోతలు కోశాను. అక్కడున్నది ఆ పిల్ల, వాళ్ల బాపు, ఒక మేక.) ఆమె మూటలోంచి నోటుబుక్కు లాగి లెక్క వేసింది. "అయితె వందల మంచి రాయి ఎనభై ఏడున్నర సార్. పన్నెండున్నర మన్నే బాపూ."

"నేను గదే జెప్పిన గదనే" అన్నాడు మేస్త్రి. మూడు రోజుల తర్వాత కూతురు తన ముఖం చూసి మాట్లాడిందన్న సంతోషం అతను దాచుకోలేకపోయాడు.

లెక్క వేసిన ఆ కాగితం చింపించి పట్టుకుని గుత్తేదారు దగ్గరికి వెళ్లాను. సాంతం విన్నాడు. "మొన్న యాభై ఆరంటిరి. ఇయ్యాల నలభై తొమ్మిదే సరి అంటున్నరు. రేపు గూడ రాండ్రి సార్ సాబ్, ఇంక జర తగ్గుతదేమో" అన్నాడు. కొత్త మేస్త్రి అప్పటికే బట్టీ మీద ఉన్నాడు. నేను మళ్లీ వెళ్లలేదు.

కొన్ని నెలలకు మంచిర్యాల నుంచి కార్డు వచ్చింది. 'సార్, ఇక్కడ రాయి మంచిది. వందకు యాభై రెండు వస్తున్నది. బాపు బాగున్నాడు.' నిలబడ్డచోటే కార్డు అంచున లెక్క వేశాను. శుద్ధమైన రాయి తొంభై మూడుకు కొంచెం తక్కువ. భలే రాయి అనుకుని తోటి సార్లందరికీ చూపించాను కూడా. అందులో బడి గురించి ఒక్క మాటా లేదని పెన్సిలు జేబులో పెట్టుకున్నాక గాని నాకు తట్టలేదు. ఇప్పుడా కుర్ర సారును తలుచుకుంటే నవ్వొస్తుంది. తిట్టాలనిపించదు. పక్కన కూర్చోబెట్టుకుని, కార్డు ఇంకొక్కసారి చదవవయ్యా అనాలనిపిస్తుంది.