పంటి గాట్లు

తంతు జరిగిన ప్రతిచోటా చెక్క మొహం పెట్టుకుని ఆడిన మనిషి ఇప్పుడు కొడుకు చెక్కుడు కొట్లో ఓ మూల పీట మీద కూర్చుంటాడు. మోకాళ్ళు మొరాయించాక ఆట మూలపడింది. ఆ మొహాలకు తాడు ఉండదు. లోపల అడ్డంగా ఓ పుల్ల ఉంటుంది, దాన్ని పళ్ళతో కరిచి పట్టుకుని ఆడాలి. ఆయన ఆడిన మొహం లోపలంతా చెమటకు నల్లబడి, పుల్ల నిండా గాట్లతో ఉండేది. కొడుకు దాన్ని ఒకావిడకు అమ్మేశాడు. అడిగితే ఇవ్వడని తెలుసు కాబట్టి అడగలేదు.

ఆవిడకు ఇలాంటివి పోగెయ్యడం పిచ్చి. హాల్లో గోడ కనబడకుండా అవేనట. మొహం చేతికివ్వగానే బోర్లించి లోపల చూస్తుంది. చెమట మరకా, పంటి గాటూ లేకపోతే "ఇది బొమ్మ" అని పక్కన పెట్టేస్తుంది.

ఇంకేం, కొడుకు బుర్ర పాదరసంలా పనిచేసింది. కొత్తగా చెక్కిన మొహం తండ్రికి తగిలించి ఎండలో కూర్చోబెట్టాడు.

"గట్టిగా కరిచి పట్టుకో నాన్నా. అన్నం నమిలినట్టు కాదు, ఆడేటప్పుడు కరిచినట్టు."

ముసలాయన కరిచాడు. పిచ్చి మనిషి, సంబరపడ్డాడు కూడా. ఆ లోపలి చీకట్లో పాదాలు వాటంతటవే తాళం వేసేవి. ఎవరాడారని ఆవిడ ఎప్పుడో ఒకప్పుడు అడగకపోతుందా, నేనే అని చెప్పుకోకపోతానా అన్నదొక్కటే ఆయన ఆశ. మొన్న ముందు పన్ను విరిగి పుల్లకు నెత్తురంటింది. "గాటు బ్రహ్మాండంగా పడింది" అన్నాడు కొడుకు.

ఆవిడ వచ్చింది. మొహం బోర్లించి, గాట్లను వేలితో తడిమింది.

"ఇదీ మొదటి మొహం ఆడినాయనదేనా? గాట్లు ఒకలాగే ఉన్నాయి."

ముసలాయన పీట మీంచి లేవబోయాడు.

"ఆయనదేనండీ. పోయి చాలా కాలమైంది" అన్నాడు కొడుకు, చొక్కా మీది పొట్టు దులుపుకుంటూ.

"బతికుండగా ఒక్కసారి చూడాల్సింది." ఆవిడ నిజంగానే బాధపడింది. అప్పుడు మూలనున్న మనిషి కనబడ్డాడు. "తాతగారూ, మీరు చూశారా ఆయన ఆట?"

ఇన్నాళ్ళూ ఎదురుచూసిన ప్రశ్న ఇలా వచ్చింది.

"చూశానమ్మా. మొన్న పన్ను విరిగేదాకా బాగానే ఉన్నాడు."

కొడుకు కణత దగ్గర వేలు తిప్పి చూపించాడు. ఆవిడ జాలిగా తలాడించి, మొహాన్ని మెత్తటి గుడ్డలో పసిబిడ్డను చుట్టినట్టు చుట్టి తీసుకుపోయింది.

కారు మలుపు తిరిగింది. కొడుకు తిడతాడనుకున్నాడు ముసలాయన, చెయ్యెత్తుతాడేమో అనుకున్నాడు. వాడు దగ్గరికొచ్చి గడ్డం పట్టుకుని పైకెత్తాడు.

"నోరు తెరువు నాన్నా."

తెరిచాడు. కొడుకు వెలుతురుకు తిప్పి, ఆవిడ చెక్క మొహాన్ని చూసినట్టే లోపల చూశాడు.

"ఎడమవైపువి గట్టిగానే ఉన్నాయి. ఇంకో రెండు మొహాలకు సరిపోతాయి" అని, కొత్త పుల్ల బిగించడానికి కూర్చున్నాడు.