సలాలా వాన చూడబోయి

ఎనభైల చివర్లో నేను ఒమన్‌లోని బహ్లాలో తాపీ పని చేసేవాణ్ణి. రూమ్‌లో ముగ్గురం. ఒకతను మా జగిత్యాల దిక్కువాడే, సెంట్రింగ్ పని. ఇంకొకతను గోదావరి జిల్లా మనిషి, కంపెనీ పికప్ నడిపేవాడు. నోరు మూతపడని మనిషి.

ఆ ఏడు ఈద్ సెలవులు మండుటెండల్లో వచ్చాయి. సైట్ మూసేశారు. పొద్దున్నే టీ తాగుతూ డ్రైవర్ ఉన్నట్టుండి అన్నాడు.

"సలాలాలో వాన పడతందంటరా. ఎల్దారా?"

"ఎప్పుడు?" అన్నాను.

"ఇప్పుడే. బండి నా దగ్గరే ఉంది కదా."

"యాడ సలాలా, యాడ మనం! పొద్దంత నడిపినా ఒడవది ఆ తొవ్వ" అంటూనే జగిత్యాలతను చెప్పులు తొడుక్కున్నాడు. సలాలా ఒమన్‌కు దక్షిణపు కొసన ఉంది, మండుటెండల్లోనూ అక్కడ మాత్రం వాన పడుతుంది.

ఖుబ్బూస్ రొట్టెలు, ఉల్లిగడ్డలు, నీళ్ల డబ్బా వేసుకుని బయల్దేరాం. ఆదం ఊరు దాటాక చెట్టనేది లేదు. కాసేపు పాటలు పాడాం, కాసేపు మేస్త్రీని తిట్టుకున్నాం. మధ్యాహ్నానికి మాటలు అయిపోయాయి. ఒకే సీటు మీద భుజాలు ఆనించుకుని కూచున్నాం గానీ ఎవరి ఊళ్లో వాళ్లం ఉన్నాం. నేనొచ్చాక పుట్టిన బిడ్డ ఈపాటికి నడుస్తూ ఉంటుంది. ఆ మాట పక్కవాళ్లతో అనబోయి ఊరుకున్నాను. వాళ్లకీ ఇళ్లున్నాయి.

చీకటి పడ్డాక పెట్రోలు బంకు పక్కన బండి ఆపి పడుకున్నాం. మర్నాడు కొండల్లోకి దిగుతుంటే ఒక్కసారిగా మంచు కమ్మింది. సన్నటి తుంపర. కొండలన్నీ పచ్చగా ఉన్నాయి. డ్రైవర్ బండి ఆపి కేకలు పెడుతూ గడ్డిలోకి పరిగెత్తాడు. నేను పిడికెడు తడిమట్టి తీసి వాసన చూశాను. అటు తిరిగి చాలాసేపు నిలబడ్డాను.

కొండ కింద ఒక నీటి ఊట దగ్గర అరబ్బు కుటుంబాలు చాపలు పరుచుకుని కూచున్నాయి. మేం ఓ పక్కన కూచుని రొట్టెలు తింటూ, ఎప్పుడు తిరుగు ప్రయాణం కట్టాలా అని వాదులాడుకుంటున్నాం. చంకలో అరబ్బు పిల్లాడితో ఒకామె వచ్చి మా ముందు నిలబడింది.

"తెలుగోళ్లా అన్నా మీరు?"

అవునన్నాం. కడప జిల్లా అంది. ఒక ఇంట్లో పనికి కుదిరిందట. వచ్చినకాడి నుంచి తెలుగు మాట చెవిన పడలేదట.

"కూచో చెల్లె, రొట్టె తిను" అన్నాడు జగిత్యాలతను.

"తినేదానికి కాదన్నా. ఏమన్నా మాట్లాడుకోండి. ఊరికే వింటా."

ముగ్గురం ముఖాలు చూసుకున్నాం. చివరికి జగిత్యాలతను, రూమ్‌లో నేను వండిన చింతపండు చారు గురించి మొదలుపెట్టాడు. "పులుసా, విషమా ఎరుకలేదు చెల్లె. తిన్నంక మూడు పూటలు లేవలే" అన్నాడు. ఆమె పకపకా నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. అంతలో చాపల మీది నుంచి ఎవరో పిలిచారు.

"మేడం పిలస్తాంది. పోయొస్తా అన్నా."

పిల్లాణ్ణి ఎగదోసుకుని గబగబా వెళ్లిపోయింది. వాళ్ల కారు కదిలేదాకా మేం లేవలేదు.

తిరిగి వస్తున్నప్పుడు, తుమ్రైత్ ఊరు దాటి మళ్లీ వేడిగాలి కొట్టాక డ్రైవర్ అన్నాడు: "పేరు కూడా అడగలేదురా మనం."

ఏడాది తిరక్కుండానే డ్రైవర్ సలాలా పక్కనున్న రైసూత్ పోర్టులో పని దొరికి వెళ్లిపోయాడు. జగిత్యాలతను వీసా అయిపోయి ఇంటికి పోయాడు. రూమ్‌లోకి వచ్చిన కొత్తవాళ్ల భాష నాకు రాదు. డ్యూటీ నుంచి వచ్చి, తిని, గోడవైపు తిరిగి పడుకునేవాణ్ణి.

సెలవు మీద ఇంటికి వెళ్లినప్పుడు, మస్కట్ దేశం ఎట్లుంటదని నా భార్య అడిగింది. సలాలా వాన గురించి మొదలుపెట్టాను.

"ఎడారిల వానేంది? నన్ను ఎర్రిదాన్ని చేస్తున్నవా?" అని నవ్వి, బిడ్డకు అన్నం పెట్టడానికి లేచింది. కడప ఆమె సంగతి దాకా నేను రానేలేదు.