ముట్టడి నెలలో మా అత్త అడిగిన ప్రశ్న

నెలకో అంశం పెట్టుకుని చారిత్రక నవలలు చదివే ఒక వాట్సాప్ బృందంలో ఏడాదిగా నేనూ ఉన్నాను. ఈ నెల అంశం కరువు. మొన్న ఉదయం చీపురుపల్లిలో మా వసారాలో కూర్చుని ఫోను తెరిస్తే, శ్రీముఖలింగం వైపు నుంచి కొత్తగా చేరిన ఒకమ్మాయి తాను చదివిన నవల గురించి మాట్లాడి పంపిన సందేశం వినబడింది. "ఆ ముసలామె తన వంతు గెంజి మనవరాలికి పోసేసి, నాను తాగేసినానని సెప్పింది సూడండి, అక్కడ పుస్తకం మూసేసినాను. మరి సదవనేకపోయినాను" అంది. ఆ నవల గురించి అంతకంటే మంచి మాట ఎవరూ చెప్పలేదు. పది నిమిషాల తర్వాత మళ్లీ విందామని చూస్తే అది లేదు. బృందాన్ని నడిపే పెద్దమనిషి దాన్ని తీసేసి, సభ్యులు శిష్టమైన తెలుగులో మాట్లాడవలసిందిగా మనవి అని రాశాడు. దాని కింద నలుగురైదుగురు దండాలు పెట్టారు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మంట ఆ పిల్ల ఒక్కదాని కోసమే కాదు.

ఇరవై రెండేళ్ల వయసులో నేను కోటబొమ్మాళికి నాలుగు మైళ్ల దూరంలోని ఒక ఊళ్లో, చిన్న గ్రంథాలయంలో సహాయకురాలిగా చేరాను. ఫోన్లు లేని ఆ రోజుల్లోనూ నెలకో అంశంతో చదివే ఈ పందెం ఉండేది. అక్కడి గ్రంథపాలకుడు, చాలా నెమ్మదైన ముసలాయన, నెల మొదట్లో నల్లబల్ల మీద ఒక అంశం రాసేవారు. ఒక నెల ఓడ ప్రయాణాలు, ఒక నెల అంతఃపురాలు, అలా. ఆ నెలంతా ఆ సంగతి ఉన్న చారిత్రక నవలలే చదివి ఆఖరి ఆదివారం లేచి నాలుగు మాటలు చెప్పాలి. మన వయసువాళ్లకు ఆ ఆదివారాలు ఎలా ఉండేవో చెప్పక్కర్లేదు, చెప్పులు విడిచే చోటు కూడా దొరికేది కాదు.

ఆ పందెంలో మా మేనత్త కూడా చేరింది. నాన్న అక్క ఆవిడ, తన వరిపొలం తానే చేయించుకునే మనిషి. నలభై దాటాక వయోజన విద్య తరగతిలో అక్షరాలు నేర్చుకుంది. నూర్పుళ్ల రోజుల్లోనూ పుస్తకాన్ని తువ్వాల్లో చుట్టి కళ్లానికి పట్టుకెళ్లి, వరుస కింద వేలు పెట్టి పెదాలు కదుపుతూ చదివేది. ఒక్క నవలకు నెలంతా పట్టేది కాబట్టి, వచ్చే నెల అంశమేమిటో ముందే చెప్పమని నా ప్రాణం తీసేది.

ఆ నెల అంశం ముట్టడి. పట్నం నుంచి ఒక ఉపన్యాసకుణ్ణి అతిథిగా పిలిచారు. అత్త వంతు వచ్చింది. లేచి, కొంగు సర్దుకుని, "ఆరు నెల్లు కోట తలుపులు ఏసేసినారు గదా, లోపలున్నోలు ఏటి తిన్నారు? బయట ఊడుపులు ఎవులు సేసినారు? పుస్తకం రెండు మాట్లు తిరగేసినాను, ఎక్కడా నేదు" అంది.

అతిథి నవ్వుతూ, "ఏటి తిన్నారు?" అని ఆవిడ గొంతుతోనే సాగదీసి అన్నాడు. సభంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను. కొత్త ఉద్యోగమనీ, చిన్నతనమనీ ఇన్నేళ్లూ సాకులు చెప్పుకున్నాను గాని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్విన మాట నిజం. అత్త నా వైపు చూసింది. పుస్తకం నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది, మళ్లీ ఆ గుమ్మం ఎక్కలేదు.

రెండు నెలల తర్వాత అదే ఉపన్యాసకుడు మళ్లీ వచ్చి, ముట్టడిలో ఉన్న కోటకు ధాన్యమెక్కడిది, సేద్యమెవరిది అని మన నవలాకారులు ఏనాడైనా ఆలోచించారా అంటూ, తన సొంత ఆలోచనలాగా, గంటసేపు మాట్లాడాడు. చప్పట్లు మోగిపోయాయి. ఆ ప్రశ్న ఫలానా ఆవిడదని లేచి చెప్పడానికి నాకు నోరు పెగల్లేదు.

ఉడుకుబోతుతనంతో ఆ సాయంత్రమే అత్త దగ్గరికి పరిగెత్తి జరిగిందంతా చెప్పాను. ఆవిడ తిట్టిపోస్తుందనుకున్నాను. చేటలో మినుములు చెరుగుతూ అంతా విని, "ఆడు అడిగినాడు సరే, జవాబు ఎవులైనా సెప్పేరేటే?" అంది. లేదన్నాను. "మరి సప్పట్లెందుకు?" అని చెరుగుడు మొదలెట్టింది.

మొన్న ఆ బృందం పెద్దమనిషికి ఆ అమ్మాయి సందేశం మళ్లీ పెట్టమని రాశాను. నియమాలు అందరికీ ఒకటేనని జవాబిచ్చాడు. అప్పటివాళ్లు కనీసం మొహం మీదే నవ్వేవారు. ఇప్పుడు చప్పుడు కూడా కాకుండా మనిషి గొంతును తుడిచేస్తున్నారు.

సరే, తీసేస్తే నాదీ తీసెయ్యమని, ఆ నవల గురించి నా యాసలోనే మాట్లాడదామని ఫోను పట్టుకున్నాను. మూడుసార్లు మాట్లాడి మూడుసార్లూ విన్నాను. ఉద్యోగమంతా నాలుకను చిత్రిక పట్టుకుంటూ వచ్చినదాన్ని, "ఎవులు" అన్నచోట తడబడ్డాను, "నేదు" అన్నచోట లేదు అనేశాను. నాలుగోసారి తప్పులతోనే పంపేశాను. అత్త బతికుంటే ఎక్కడ తప్పానో చెప్పేది. ఇప్పుడు మా ఇంట్లో నన్ను సరిదిద్దగలిగేవాళ్లు ఒక్కరూ లేరు.