సుందరరాజు అందదన్న గుట్ట

చిత్తూరులోని వాన లెక్కల ఆఫీసులో సుందరరాజు నోట "అందదు", "సాలదు" తప్ప మూడో మాట విన్నవాళ్లు లేరు. వైర్‌లెస్ మెకానిక్ గదా, సిగ్నల్ ఎంత దూరం పోతుందో, బ్యాటరీ ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పడమే ఆయన పని. ఆ పనిని పెళ్లిళ్లకు కూడా మోసుకుపోయేవాడు.

ఆఫీసు బంట్రోతు ఓబయ్య కూతురి పెళ్లిలో పిల్ల దండ ఎత్తగానే "అందదు" అన్నాడు. అందింది. సాంబారు గంగాళం చూసి "సాలదు" అన్నాడు. మిగిలింది. అలిపిరి నుంచి పట్టపగలు కొండెక్కుతూ సంచిలో రెండు టార్చిలైట్లు పెట్టుకున్నాడు.

"రెండెందుకన్నా?"

"ఒకటి సాలదు."

కొత్త ఇంజనీరు దామోదరానికి ఈ మనిషిని చూస్తే ఒళ్లు మండేది. ఐరాల అవతల గుట్ట మీద, దానంతటదే వాన కొలిచి రేడియోలో చెప్పే యంత్రం పెట్టమని పైనుంచి ఉత్తర్వు. యంత్రం జీతం అడగదు, జ్వరమొచ్చిందనదు. పైవాళ్లకు అలాంటి ఉద్యోగులంటే ప్రాణం. సుందరరాజేమో మూడేళ్లుగా గుట్టెక్కి దిగి అదే రాస్తున్నాడు: సిగ్నల్ అందదు, బ్యాటరీ చాలదు. 1985లో పై అధికారి దామోదరాన్ని పిలిచి, "ఈసారీ పెట్టకపోతే ప్రమోషన్ మరిచిపో" అన్నాడు.

దామోదరం తానే వెంట వెళ్లాడు. సుందరరాజు సెట్టు తెరిచి, ఏరియల్ నిలబెట్టి, గొంతు చించుకున్నాడు. చిత్తూరు పలకలేదు.

"సూసినారా సార్? నడాన కొండ అడ్డముండాది. ముసురు పడితే పది దినాలు ఎండ రాదు. ఎండతో నిండే బ్యాటరీ, అదీ సాలదు."

అప్పుడే మునెమ్మ ఎక్కి వచ్చింది. మొగుడు పోయినప్పటి నుంచి తొమ్మిదేళ్లుగా రోజూ పొద్దున ఇక్కడ వాన కొలిచి పుస్తకంలో రాస్తుంది. ఆ జీతమే ఆమెకు కూడు.

"మిషనొస్తే నన్ను రావద్దంటారంట గదా సామీ?"

ఉత్తర్వులో మూడో పేరా అదే. తప్పుల్లేకుండా టైపు కొట్టారు కూడా.

"మిషను రాదులే అక్కా," అన్నాడు సుందరరాజు.

దామోదరం ఆమె పుస్తకం తిరగేశాడు. ఒక్క రోజూ ఖాళీ లేదు. జ్వరంతో వణికిన రోజుల్లో అంకె వంకరపోయింది, అంతే.

మునెమ్మ దిగిపోయాక సుందరరాజు సెట్టు సర్దడానికి వంగాడు. చొక్కా జేబులోంచి స్క్రూ ఒకటి జారి బండ మీద పడింది. దామోదరం దాన్ని తీశాడు. ఏరియల్ అడుగున ఖాళీగా ఉన్న చోట సరిగ్గా పట్టింది. బిగించగానే చిత్తూరు ఆఫీసులో సెట్టు ముందు కూర్చునే గోవిందస్వామి గొంతు పక్కనే కూర్చున్నట్టు పలికింది.

"గుట్ట మీదోళ్లూ! నా మాట వినబడతా ఉండాదా?"

దామోదరం వేలు బదులిచ్చే మీట మీదికి పోయింది.

"నొక్కండి సార్," అన్నాడు సుందరరాజు తల దించుకుని. "యాడికైనా అందుతాది. ఒక ఆడమనిషి కూడు తీసేదానికి ఇంత దూరం అందాల్నా అని, అంతే."

గోవిందస్వామి అరుస్తూనే ఉన్నాడు. దామోదరం ప్రమోషన్‌ను మనసులోనే బండబూతులు తిట్టుకుని, స్క్రూ విప్పి తన జేబులో వేసుకున్నాడు. కాగితం మోకాలి మీద పెట్టుకుని "సిగ్నల్ అందదు" అని రాసి సంతకం చేశాడు.

సుందరరాజు భుజం మీదుగా చదివి తలూపాడు.

"ఒకటి సాలదు సార్. బ్యాటరీ గూడా రాయండి."