కెమెరా ముందు నవ్విన నవ్వు

మమ్మల్ని పాతకాలం మనుషుల్ని చేసినవాళ్లు మద్రాసు నుంచి కారులో వచ్చారు. అప్పటికి మా ఆయనకు నలభై కూడా నిండలేదు.

కొండకు మోటారు రోడ్డు పడ్డాక అలిపిరిలో డోలీలు మోసేవాళ్ల నోట్లో మట్టి పడింది. మా ఆయన మీసాలు రాకముందు నుంచీ ముసలివాళ్లను, నడవలేనివాళ్లను భుజాన కొండెక్కించినవాడు. రోడ్డు వేసేటప్పుడు కంట్రాక్టరు "మీ కడుపు కొట్టనప్పా. మరమ్మతు పని మీకే ఇస్తా" అన్నాడు. రోడ్డయ్యాక తన మనుషుల్నే పెట్టుకున్నాడు. వాడి ఇంటి చుట్టూ మేము ఎన్నిసార్లు తిరిగామో ఆ దేవుడికే తెలియాలి.

అలాంటి రోజుల్లో వచ్చారు సినిమావాళ్లు. యాత్రికుల కోసం తిరుపతి మీద చిన్న బొమ్మ తీస్తున్నారట. పూర్వం కొండెక్కడం ఎలా ఉండేదో చెప్పే మనిషి కావాలట. కెమెరాను చూడగానే మా ఆయనకు నోరు పెగల్లేదు. వాళ్లలో కళ్లద్దాలాయన నా వైపు తిరిగి, "మీరు చెబుతారా అమ్మా? మద్రాసులో పెద్దవాళ్లంతా చూస్తారు" అన్నాడు. ఆ మాటకే పడిపోయాను. పెద్దవాళ్లు చూస్తే కంట్రాక్టరును నిలదీయరా అనుకున్నాను. ఎంత వెర్రిదాన్ని!

చిరుగుల్లేని చీర కట్టుకుని ఎండలో నిలబడ్డాను. కాలిబాట గురించి, నిట్టనిలువుగా ఎక్కాల్సిన మోకాళ్ల మిట్ట గురించి అడిగాడు. చెప్పాను. "ఇప్పుడు బస్సులొచ్చాయి, అందరికీ సుఖమే కదా?" అన్నాడు.

"ఎక్కేవాళ్లకు సుఖమే సామీ, నేను కాదనలా. మోసినోళ్లు యాడికి పోవల్ల? రోడ్డు పని ఇస్తామని చెప్పినారు, ఇయ్యలా. పొద్దున సంగటి ఉంటే మాపటికి లేదు మా ఇంట్లో. ఈ మాట ఆ పెద్దోళ్లకు తెలియల్ల" అన్నాను.

ఆయన తలూపాడు. సామాను సర్దుతూ "కొండకు వెళ్తున్నాం, వస్తామమ్మా" అన్నాడు. మా వీధిలో ఒక పద్ధతి ఉంది. కొండకు పోయేవాళ్లను ఏడుపు మొహంతో పంపకూడదు. ఇంట్లో ఎంత కష్టమున్నా నవ్వుతూనే సాగనంపాలి. కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్త నేర్పిన మొదటి సంగతి అదే. నేనూ అలవాటు కొద్దీ రెండు చేతులూ ఎత్తి, పళ్లన్నీ కనబడేలా నవ్వి "గోవిందా!" అన్నాను. కెమెరా ఇంకా తిరుగుతూనే ఉందని నాకేం తెలుసు?

కొన్ని నెలలకు ఊళ్లో డేరా సినిమాలో, అసలు బొమ్మకు ముందు దాన్ని వేశారు. డోలీలవాళ్లందరం కలిసి పోయి నేల మీద కూర్చున్నాం. కొండ కనబడింది, బస్సులు కనబడ్డాయి, తర్వాత నేను. నేను మాట్లాడిన మాట ఒక్కటీ లేదు. చేతులెత్తి నవ్వుతున్నాను, అంతే. ఎవరిదో గొంతు గంభీరంగా చదివింది: "ఒకప్పుడీ కొండపైకి యాత్రికులను డోలీలలో మోయువారుండెడివారు. నేడా శ్రమ తీరినది. స్థానికుల ఆనందమునకు మేర లేదు."

జనం చప్పట్లు కొట్టారు. నా ఒళ్లు మండిపోయింది.

"ఒకప్పుడు ఉండేటోళ్లంట. మరి ఈడ కూసోనుండే నేనెవురు మే?" అన్నాడు మా ఆయన.

మర్నాడు మళ్లీ ఇద్దరం కంట్రాక్టరు ఇంటికి పోయాం. వాడూ చూశాడు ఆ బొమ్మ. మమ్మల్ని అరుగు కూడా ఎక్కనివ్వకుండా, "నీ సంతోషం ఊరంతా సూసినాది గదమ్మా. ఇంగ నాతో ఏం పని?" అని లోపలికి పోయాడు.

ఇంటికొచ్చాక మా ఆయన, నేను పెట్టిన చెంబెడు నీళ్లు తాగకుండానే అడిగాడు.

"ఎందుకు నగితివి మే?"